తాయారమ్మ పులుసు రిపో

నెట్‌లో వంటల వివరాలు దాచిపెట్టే రిపోలను పొయ్యిలు చదువుకుని వాటంతటవే వండే రోజులవి. ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పని కాకరకాయ పులుసు గుట్టును తాయారమ్మ కంప్యూటర్ నల్లతెర మీద ఒక్క లైను కమాండ్ కొట్టి రిపోలో పెట్టింది. ఇతరులకు కనబడకుండా ‘ప్రైవేట్’ అన్న ముక్క చేర్చడం మాత్రం మరిచిపోయింది.

మధ్యాహ్నానికల్లా తోడికోడలు అలివేలు దాన్ని కాపీ చేసుకుని, పైగా దిద్దుబాటు పంపింది. “అక్కా, బెల్లం మరీ ఎక్కువైంది. నా కాపీలో సగానికి తగ్గించా. నువ్వూ మార్చుకుంటావా?”

“నా పులుసుకే వంకలు పెడుతుందా!” అని మండిపడి, తాయారమ్మ రిపోనే చెరిపేసింది. నిజంగానేనా అని మెషిన్ రెండుసార్లు అడిగినా వినలేదు.

సాయంత్రం భర్త సుదర్శనం కాకరకాయ పులుసు అడిగాడు. అసలుది దొరక్క, పొయ్యి అలివేలు కాపీ తెచ్చుకుని వండేసింది.

సుదర్శనం రెండోసారి వడ్డించుకుంటూ కళ్లు మూసుకున్నాడు.

“ఇన్నాళ్లకి నీ చేతి పులుసు కుదిరిందే, తాయారూ!”