నలభై అయిదు మీద తిరగాల్సిన పాట

సుమలతక్కకు,

నాది కోడిగీతల రాత, తప్పులుంటాయి, ఏమీ అనుకోకు. అయిదో తరగతితో ఆగిన చెయ్యి.

నిన్న మా టోవా పాయో పేట ఫ్లాటుకి నీ మరిది కంప్యూటర్ ఆఫీసువాళ్లు భోజనానికి వచ్చారు. హాలెండు బ్యాండు ఒకటి మొదట్లో వేసిన చిన్న రికార్డు, కిందటి నెల పాత సామాన్ల బజారులో అట్ట లేకుండా కొన్నది, ఆయన ప్లేయరు మీద పెట్టారు. పాట బురదలో గేదె నడిచినట్టు సాగింది.

ఆయన కళ్లు మూసుకుని, "ఆ వాయిస్‌లో వెయిట్ చూశారా? మగాడంటే అలా పాడాలి," అన్నారు.

"క్లాసిక్ అంతే, బాస్," అన్నాడొకడు.

నేను పెరుగు వడ్డిస్తూ అటు చూశాను.

"దాని జోలికి రాకు. మీ నాన్న మైక్‌సెట్టు పాట కాదది," అన్నారు. అందరూ నవ్వారు.

అక్కా, ఆ మైక్‌సెట్టు కొట్లో సూదులు మార్చి పెరిగినవాళ్లం. చిన్న రికార్డు నిమిషానికి నలభై అయిదు చుట్లు తిరగాలని మనకి పలక పట్టకముందే తెలుసు. ఆయన ముప్పై మూడు మీద తిప్పి, ఆ మూలుగుని మెచ్చుకుంటున్నారు. అంత చదువూ ఆ వేగం మార్చే మీట దాకా రాలేదు.

 ఇంకొంచెం పెరుగు వేశాను.

ఆయన ఆఫీసుకి వెళ్లాక మీట జరిపి రోజూ వింటాను. పాడేది మగాడు కాదక్కా, నా ఈడు ఆడపిల్ల. ఎంత హుషారుగా పాడుతుందో. ఆయన వచ్చేలోగా మీట మళ్లీ వెనక్కి జరిపేస్తాను.

వచ్చే నెల మీ ఇంటికి వస్తాం. ఈలోగా ఈ ఉత్తరం కాల్చెయ్యి. ఆయన చదివితే మీట సరిచేసుకుంటారు. అప్పుడు ఆ పిల్ల కూడా ఆయనదైపోతుంది.