మైకు పాడైంది

“ఒరేయ్ పిచ్చుకా, ఎక్కడ చచ్చావురా?”

తమ్ముణ్ణి కాటికి సాగనంపిన సాయంత్రం అక్క అతని గది తలుపు తీసేసరికి, బల్ల మీది హెడ్‌ఫోన్లలోంచి ఆ కేక సన్నగా వినిపించింది. బండికి పెట్రోలు కొట్టించుకొస్తానని వెళ్లినవాడు కంప్యూటరు ఆపి వెళ్లలేదు. ఆ తర్వాత దాని సంగతి ఎవరికి పట్టింది?

ముందుగదిలో మేనమామ అడుగుతున్నాడు. “చెప్పాల్సిన వాళ్లందరికీ చెప్పినట్టేనా?”

“చెప్పడానికి ఇంకెవరున్నారన్నయ్యా? పసిపిల్లల్ని వదిలిపోయిన వాళ్ల నాన్న జాడ ఎవరికి తెలుసు?” అంది అమ్మ.

ఉన్నారు. తమ్ముడు రోజూ తుపాకుల ఆట ఆడే జట్టు ఉంది. దోమ, బావ, కెప్టెన్, వీడు పిచ్చుక. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, అసలు పేర్లు అడగలేదు. గొంతులే పరిచయం.

అక్క హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఇలాంటి మాట వార్డు బయట నిలబడ్డ ఎందరికో చెప్పింది. ముందు కూర్చోబెట్టాలి. చుట్టూ తిప్పకుండా చెప్పాలి. చెప్పాక కాసేపు అక్కడే ఉండాలి. ఇక్కడ కూర్చోబెట్టడానికి మనుషులే కనిపించరు.

మైకు మీట అనుకుని పక్క మీట నొక్కింది. తెర మీద చక్రంలా మాటలు విచ్చుకున్నాయి. ‘శత్రువు ఇక్కడ’, ‘మందు కావాలి’, ‘థాంక్స్’, ‘వస్తున్నా’. నోరు తెరవకుండా జట్టుతో మాట్లాడుకోవడానికి పెట్టినవి. కంగారులో ఒకదాని మీద వేలు పడింది.

“వస్తున్నా” అంది ఆటలోని తమ్ముడి బొమ్మ.

“వచ్చాడ్రోయ్ దొరగారు!” దోమ అరిచాడు. “నువ్వు లేక ముగ్గురమే ఆడి, ఆడిన ప్రతిసారీ ఓడి ముఖాలు వాచిపోయాయి. మాట్లాడవేం? నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా?”

“మైకు పాడైనట్టుంది.” కెప్టెన్ గొంతు అడ్డుపడింది. వయసు మళ్లిన గొంతు, నెమ్మదిగా ఉంది. “పరవాలేదు, గుర్తులతోనే ఆడతాడు. ఎవరూ తిట్టకండి. పిచ్చుకా, నా వెనకే ఉండు.”

ఈ ఆట అవగానే చెప్పేద్దామనుకుంది అక్క.

ఆమెకు నడవడమే రాదు. గోడలకు గుద్దుకుంది. ఆకు కదిలితే ‘శత్రువు ఇక్కడ’ అని గుర్తు పెట్టింది.

“అది చెట్టురా నాయనా!” బావ పడీ పడీ నవ్వాడు. “గురీ లేదు, బుర్రా లేదు. వీణ్ని ఏం చూసి చేర్చుకున్నావు కెప్టెన్?”

“ఎన్ని జట్లు వెతికితే దొరికాడో నీకేం తెలుసు?” అన్నాడు కెప్టెన్.

అంతలోనే ఆమెకు తూటాలు తగిలాయి. తమ్ముడి బొమ్మ మోకాళ్ల మీద పాకుతోంది. ఎవరైనా దాని దగ్గరికి రావాలంటే చాటు లేని బయలు దాటాలి.

“వాణ్ని వదిలెయ్, నువ్వూ పోతావు!” అని దోమ అరుస్తున్నాడు.

“పోతే పోతాను” అంటూ కెప్టెన్ పరుగెత్తుకొచ్చి పక్కన కూర్చున్నాడు. ఈ ఆటలో పడ్డవాణ్ని లేపాలంటే పక్కన కాసేపు కూర్చుంటే చాలు.

“లేచావా? ఇదిగో, నా మందు కూడా నువ్వే తీసుకో.”

‘థాంక్స్’ నొక్కింది అక్క. చెప్పలేదు.

మర్నాడు చెబుదామనుకుంది. ఆ మర్నాడూ అంతే. డ్యూటీ దిగి ఇంటికి రాగానే, గడపకు అడ్డం పడ్డట్టు అదే ఆలోచన. ‘మీ పిచ్చుక’ అని టైపు చేసేది, చెరిపేసేది. అవతల ముగ్గురూ నవ్వుతూ ఉండేవాళ్లు. అంతసేపూ తమ్ముడు బతికి ఉన్న చోటు అదొక్కటే.

మిగతావాళ్లు శత్రువుల గురించి అడిగితే కెప్టెన్ వేరే సంగతులు అడిగేవాడు. “తిన్నావా? అక్క డ్యూటీ నుంచి వచ్చిందా? అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా?”

ఆ చక్రంలో వీటికి జవాబులు లేవు. ‘వస్తున్నా’ అని నొక్కేది.

ఒక సాయంత్రం కెప్టెన్ ఒక్కడే ఉన్నాడు.

“వాళ్లిద్దరూ రాకముందే ఒక మాట, పిచ్చుకా. మైకు బాగు చేయించుకో. నీకో సంగతి చెప్పాలి. ఎన్నిసార్లో నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చెప్పాక నీ గొంతు వినాలి నేను. తిట్టినా సరే.”

ఇంక లాభం లేదనుకుంది అక్క. ఆ గొంతు చెవిలో ఉండగా మాత్రం చెప్పలేననిపించింది. హెడ్‌ఫోన్ల తీగ ఊడబీకింది. గొంతు స్పీకర్లలోంచి గదంతా పరుచుకుంది.

“ఉన్నావా, పిచ్చుకా?”

గుమ్మంలో అలికిడైంది. కొడుకు పోయాక ఈ గదివైపు తొంగిచూడని అమ్మ అక్కడ నిలబడి ఉంది.

“ఎవరే అది?”

“తమ్ముడి జట్టులో ఆయనమ్మా. కెప్టెన్ అంటారు. పాపం, ఏమీ తెలీదు. ఇప్పుడు చెప్పేస్తాను.”

“సరేలే, తొందరేం లేదు” అంటున్నాడు కెప్టెన్. “నీకు వీలైనప్పుడే.”

అమ్మ తలుపు పట్టుకుంది.

“ఎన్నాళ్లుగా ఆడుతున్నాడు ఈయనతో?”

“రెండేళ్లవుతోందిట.”

“మనవాడికి తెలుసా?”

“ఏం తెలియాలి?”

అమ్మ దగ్గరికొచ్చి, మైకు మీట మీద ఉన్న కూతురి చేతిని గట్టిగా పట్టుకుంది. నొక్కనివ్వలేదు.

దోమ వచ్చాడు, బావ వచ్చాడు, ఆట మొదలైంది. తమ్ముడి బొమ్మ నిలబడ్డచోటే నిలబడి ఉంది. బయలు మధ్య కెప్టెన్ వెనక్కి తిరిగి, దానికోసం ఆగాడు.

తండ్రికి ఇంకా కబురు అందలేదు.