బకెట్టెడు తుప్పు

హెక్టర్ గఫ్ చేతిలో యంత్రం మళ్లీ అరిచింది.

పొలంలో తలా ఒక మూల మెటల్ డిటెక్టర్లు ఊపుకుంటున్న ఐదుగురూ తలతిప్పి చూశారు. ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని, గడ్డిపెళ్ల లేపి, వేలెడంత తుప్పుతీగ బయటికి లాగాడు. దాన్ని బకెట్లో వేసి, పెళ్లను మళ్లీ అతికించి అరచేత్తో తట్టాడు.

"ఈసారి సీజరు కిరీటమా, తాతా?" అన్నాడు డెరిక్ టర్వే.

"కిరీటం కాదు. ఆయన దొడ్డి కంచె."

ఇంగ్లండులోని ష్రాప్‌షైర్‌లో రోమన్ల నాటి బాట పక్కనే ఉంది విన్నీ ప్రాబర్ట్ పొలం. ఆదివారాలు పాత నాణేలు వెతుక్కోవడానికి టర్వే బృందానికి ఆవిడ రెండేళ్ల కిందట ఒప్పుకుంది. దొరికినదాంట్లో సగం ఆవిడది. మనుషులు మాత్రం ఆరుగురికి మించకూడదు.

టర్వే మాటలు నమ్మితే రోమన్ సైన్యంలో జేబుకు చిల్లి లేనివాడు ఒక్కడూ లేడు. నడిచినంత మేరా నాణేలు రాల్చుకుంటూ పోయి, చివరికి పడవ కిరాయికి డబ్బుల్లేకనే నాలుగు వందల ఏళ్లు ఇక్కడ ఉండిపోయారట.

సాయంత్రం అందరూ విన్నీ వంటింటి బల్ల మీద తమ సంపాదన పరిచేవారు. సగానికి కోసిన మూడో హెన్రీ రాజు కాలం నాటి వెండి పెన్నీ ఒకరిది. రోమన్ల కంచు పిన్నీసు ఇంకొకరిది. హెక్టర్ బకెట్ మాత్రం గుమ్మం బయటే ఉండేది.

ఇనుము దగ్గర యంత్రం నోరు మూయించే మీట ఒకటి ఉంటుంది. ఇనుమంటే చెత్త కాబట్టి అందరూ ఆ మీట నొక్కే పొలంలో దిగుతారు. హెక్టర్ నొక్కడు. తాను నొక్కిపెడతానని టర్వే రెండుసార్లు చెయ్యి చాస్తే, చంటిపిల్లను దాచుకున్నట్టు యంత్రాన్ని వెనక్కి దాచుకున్నాడు.

"పాతసామాన్ల కొట్టు పెడతారా, పెద్దాయనా?" అని విన్నీ కూడా ఒకసారి నవ్వింది.

విన్నీ ప్రాణమంతా తన నలభై ఆవుల మీదే. పాలబండి గేటు దగ్గర ఆగినన్నాళ్లే ఆ ఇల్లు నిలబడేది. మునుపు ఏటా చలికాలంలో ఒకటో రెండో మేత మానేసి, వీపు వంచి నిలబడి, వారం తిరక్కుండా పోయేవి. ఈ రెండేళ్లలో ఒక్కటీ పోలేదు.

కొత్త దాణా మహిమ అని ఆవిడ ఊరంతా చెప్పుకొచ్చింది. దాణా అమ్మేవాడు సంబరపడి, ఆవిడనూ ఒక ఆవునూ కలిపి ఫొటో తీయించి తన క్యాలెండర్లో మార్చి నెలకు వేశాడు. ఆవే బాగా వచ్చిందని టర్వే అన్నాడు.

హెక్టర్ టీ కప్పు పట్టుకుని ఆ క్యాలెండర్‌ను చాలాసేపు చూశాడు.

"మంచి దాణా, అమ్మగారూ" అన్నాడు.

ఆ వసంతంలో టర్వే ఒక కొత్త మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. పక్క జిల్లాలో బంగారు నాణెం తీసిన చెయ్యి అతనిదని చెప్పాడు. ఆరుగురే ఉండాలంటే ఎవరో ఒకరు తప్పుకోవాలి కదా అని విన్నీకి గుర్తుచేశాడు. ఎవరో చెప్పనక్కర్లేకపోయింది.

ఆవిడ మర్యాదగానే చెప్పింది. ఈ వయసులో చలిలో మోకాళ్ల మీద కూర్చోవడం ఎందుకు, ఇంటిపట్టున ఉండమంది.

హెక్టర్ టోపీ తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"పాతరగడ్డికి కోసే కింది మడి సగమే అయింది, అమ్మగారూ. మిగతా సగం పూర్తి చేసుకుని పోతాను."

"అందులో ఏముంది, పెద్దాయనా? మేకులేగా."

"మేకులే" అన్నాడు హెక్టర్. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

బంగారు చెయ్యివాడికి ఏడాది పొడుగునా దొరికింది ఒక్క బొత్తాం.

జూన్‌లో కింది మడి గడ్డి కోసి, చలికాలం మేత కోసం పాతర వేశారు. డిసెంబరులో ఆ పాతర తెరిచారు. క్రిస్మస్ దాటగానే ఒక ఆవు మేత మానేసింది. వీపు వంచి నిలబడింది. వారం తిరిగేసరికి ఇంకొకటి. దాణా అవే బస్తాలు, అదే కొట్టు.

మూడోది కూడా పోయినప్పుడు పశువుల డాక్టరు దాన్ని కోసి చూపించాడు. పొట్టలోంచి గుండె దాకా గుచ్చుకుపోయిన ముళ్లతీగ ముక్క.

గడ్డితో పాటే మింగేసిందన్నాడు. ఆవు మనలా ఏరుకుని తినదు, నాలుకకు అందింది అందినట్టు లాగేస్తుందన్నాడు. పాత కంచె ఏదో ఆ నేలలో ఉండి ఉంటుంది, దున్నినప్పుడల్లా కాస్త కాస్త పైకి తేలుతోందన్నాడు.

"ఈ రెండేళ్లూ మీ మంద ఎలా బతికిందో నాకు అంతుపట్టడం లేదు" అన్నాడు చేతులు కడుక్కుంటూ.

విన్నీకి అంతుపట్టింది.

మర్నాడు పొద్దున్నే ఒక కేకు చేసి, గుడ్డలో చుట్టి, హెక్టర్ ఇల్లు వాకబు చేసుకుంటూ వెళ్లింది. తలుపు తీసింది ఆయన కూతురు మార్జరీ.

నాన్న అక్టోబరులోనే పోయాడని చెప్పింది. గుండె జబ్బని చెప్పింది.

విన్నీ కేకు పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. ఆయన్ను మళ్లీ పొలానికి రమ్మని అడగడానికి వచ్చానంది.

"పాపం, రెండేళ్లు వచ్చారు. ఒక్క నాణెమైనా దొరకలేదు" అంది.

"నాణేలంటే ఆయనకు ఇష్టమే లేదండీ. ఆ యంత్రం కొన్నదే మీ పొలం కోసం."

"నా పొలం కోసమా?"

మార్జరీ ఆవిడ చేతిలోంచి కేకు అందుకుంది.

"మీకు చెప్పడానికి సిగ్గుపడ్డాడు. మీరు కాపురానికి రాకముందు, మీ మామగారు పొదల కంచెలన్నీ పీకించి మడులు కలిపించిన ఏడాది, వాటికి ఉన్న ముళ్లతీగనంతా మట్టిలోకి తొక్కించిన బుల్డోజర్ డ్రైవరు మా నాన్నే."