కింద గీత

టెక్కలి కోర్టు నుంచి వచ్చిన కాగితాలను చంద్రకళ పిన్ని నా చేతిలో పెట్టింది. బాబాయి విడాకులు కోరుతున్నాడు. మొదటి పేజీని రెండుసార్లు చదివాను.

“నాకు ఇడాకులొద్దురా. లా సదువుతన్నావు కదా, దారి సెప్పు.”

రెండో సంవత్సరం పాసయిన ధీమాతో చెప్పాను. “నువ్వు సంతకం ఎట్టకపోతే ఇద్దరి ఒప్పుదల మీద ఇడాకులు రావు పిన్నీ. నువ్వు యాతన పెట్టావని బాబాయే రుజువు సెయ్యాలి. మనం కౌంటరు ఏద్దాం. కలిసి కాపరం సెయ్యమని మనమే ఎదురు పిటిషనూ ఏయొచ్చు.”

పిన్ని జీడిపిక్కల మరకలున్న వేలితో ఒక మాట చూపించింది. “ఇదేటి?”

“అసహనీయ సాహచర్యం. నీతో ఉండలేనని.”

పిన్ని పకపకా నవ్వింది. “మీ బాబాయికిది నోరు తిరుగుద్దేటి? ఇది ఆయన మాట కాదురా. ఎవడో సదువుకున్న ఎదవ రాసిచ్చాడు.”

ఆ వెధవను నేనే. పోయిన నెల పలాసలో బాబాయి “తెలిసినోడి కోసం” అని విడాకుల పిటిషను రాసిమ్మంటే, పేర్ల చోట ఖాళీలు వదిలి, నిఘంటువు తిరగేసి మరీ రాసిచ్చాను. ఆ మాట దొరికిన మురిపెంలో దాని కింద గీత కూడా గీశాను. టైపు చేసినవాడు గీతనూ వదల్లేదు.

“కౌంటర్లో ఏటి రాయమంటావు?” కలం తీసి అడిగాను.

“నానొగ్గను. అంతే.”

రాశాను. వదలను అనడానికి ఎంత మంచి మాట! నా కలం అలవాటుగా దాని కింద గీత గీసేసింది.

పిన్ని ఆ గీతను చూసింది, ఈ గీతను చూసింది. తర్వాత నన్ను చూసింది.