వచ్చే ఏడాది రండి

“అమ్మా, దయచేసి లేవండి. పిల్లలు చూస్తున్నారు,” అన్నాడు హెడ్మాస్టర్ ప్యో.

“చూడనివ్వండి. నేర్చుకోవడానికేగా బడికొచ్చింది!” అంది సునిమ్.

ఒకటో తరగతి గుమ్మానికి అడ్డంగా బాసింపట్టు వేసుకుని కూర్చుందామె. విప్పిన బూట్లు పక్కనే పొందిగ్గా పెట్టుకుంది. ఎంత పోట్లాటకొచ్చినా, బూట్లతో లోపలికి రావడం ఆమెకు చేతకాదు.

వెనక గోడ పట్టుకుని కూతురు మల్జా నిలబడింది. మల్జా చేతులు వణుకుతాయి. మాట ముద్దముద్దగా వస్తుంది. పుట్టుకతోనే అంత. తెలివికి మాత్రం లోటు లేదు, వినేవాళ్ళకి ఓపిక ఉండాలంతే. ఇవాళ కొత్త స్వెట్టరు వేసుకుంది. గుండె మీద పిన్నీసుతో తెల్ల చేతిరుమాలు గుచ్చి ఉంది. బడిలో చేరే రోజు అలాగే వెళ్ళాలని సునిమ్ పట్టు. ఇప్పుడెవరూ గుచ్చుకోవడం లేదని చెప్పినా వినలేదు.

“అవతలి ఒడ్డున ఇలాంటివాళ్ళ కోసమే ఒక బడి ఉందమ్మా.”

“రానూ పోనూ పడవలోనే పొద్దుగూకుతుంది. మల్జా ఈ దీవిలో పుట్టింది. ఈ దీవి పిల్లల పక్కనే కూర్చుంటుంది. మధ్యాహ్నం వాళ్ళతోనే తింటుంది.”

“ఇక్కడి బల్లలు సరిపోవు.”

“మా ఇంట్లోది మోసుకొస్తాం.”

కూతుర్ని దింపడానికి వచ్చిన సొరిన్ వాళ్ళమ్మ ఉండబట్టలేకపోయింది. “నాకెవరి మీదా కోపం లేదండీ. టీచరుగారు మల్జా చుట్టూనే తిరుగుతుంటే మా సొరిన్ వెనకబడదూ?”

“మీ సొరిన్ గడుగ్గాయి. దాన్ని వెనక్కి లాగడం ఎవరి వల్లా కాదు.”

సొరిన్ వాళ్ళమ్మకి నవ్వొచ్చింది. బలవంతంగా ఆపుకుంది.

ప్యో గొంతు సవరించుకున్నాడు. “ఈసారికి ఇంటికెళ్ళండి. పైవాళ్ళతో మాట్లాడతాను. వచ్చే ఏడాది...”

సునిమ్ మొహం జేవురించింది. “ఆ ముక్క మాత్రం అనకండి! కిందటిసారి తీసుకొచ్చినప్పుడు మీ కుర్చీలో కూర్చున్నాయనా ఇదే అన్నాడు. కాస్త చెయ్యి కుదురుకోనివ్వండి, వచ్చే ఏడాది రండి అన్నాడు. ఇదిగో, వచ్చాను. నన్ను లేపాలంటే పోలీసుల్ని పిలవండి. వాళ్ళు పడవెక్కి రావాలి. ఈలోగా మా పిల్లకి రెండు పాఠాలైపోతాయి.”

ఇవాళ వెనక్కి తీసుకెళ్తే మరోసారి అంటూ ఉండదని ఆమెకు తెలుసు.

“కి... కిటికీ పక్కన,” అంది మల్జా.

ప్యోకి అర్థం కాలేదు. లోపలున్న టీచరమ్మకి అర్థమైంది. కిటికీ పక్కన కుర్చీ లాగి వేసింది.

“సరే, ఇవాళ్టికి కూర్చోనివ్వండి,” అన్నాడు ప్యో నీరసంగా.

“ఇవాళ్టి నుంచి,” అని దిద్దింది సునిమ్.

మల్జా మెల్లగా నడిచి వెళ్ళి కూర్చుంది. పెన్సిల్ తీసింది. చెయ్యి వణికింది. పెన్సిల్ జారి, దొర్లుకుంటూ పోయి సొరిన్ కాళ్ళ దగ్గర ఆగింది. క్లాసంతా అటే చూసింది. గుమ్మంలో సునిమ్ లేవబోయింది.

సొరిన్ పెన్సిల్ తీసుకుని లేచి, నడుం వంచి, ఇంట్లో నేర్పినట్టే రెండు చేతులతో అందిస్తూ, “తీసుకోండి మామ్మగారూ, మీ జుట్టు మా మామ్మ జుట్టు కంటే తెల్లగా ఉందే!” అంది.