వెండెలిన్ వంతు ఆపిల్

డిసెంబరు వచ్చిందో లేదో జోఫియా కత్తి పట్టుకుని ఆపిల్ బుట్ట ముందు కూర్చుంది. పండును అడ్డంగా కోయడం, లోపలికి చూడడం, పెదవి విరిచి కుండలో పడేయడం. ఇదే పని. దాంతో ఇంట్లో పూటపూటా ఉడికించిన ఆపిలే. ఇంకేమీ దొరకలేదా అని మొగుడు వెండెలిన్ మంచం మీంచే కసిరాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ నోటిది అదే వరస.

మా ఓరవా లోయలో క్రిస్మస్ ముందురోజు రాత్రి భోజనాలయ్యాక ఇంటావిడ మనిషికొక ఆపిల్ అడ్డంగా కోస్తుంది. గింజల గూడు నక్షత్రంలా కనిపిస్తే అది బెత్లెహేము చుక్క. ఆ మనిషి వచ్చే పండక్కీ ఉంటాడు. సిలువలా కనిపిస్తే ఉండడు. అందరూ నవ్వుకుంటూ తినేసే పండే అది.

వెండెలిన్ మాత్రం నవ్వడు. వాళ్ళమ్మకు సిలువ పడింది, ఈస్టర్ చూడకుండానే పోయింది. పైగా మొన్న అక్టోబరులో అతనికి గుండెపోటు వచ్చింది. ఇంకొక్కసారి హడలిపోతే మనిషి దక్కడని డాక్టరు జోఫియాకు మరీమరీ చెప్పి పంపాడు.

పండగ ముందురోజు మధ్యాహ్నం ఆడపడుచు ఇరెనా వంటింట్లోకి వచ్చింది. జోఫియా అప్పుడే ఒక పండు రెండు చెక్కలకూ నల్లబడకుండా నిమ్మరసం రాసి, అతికించి, ఏప్రన్ జేబులో దాస్తోంది. ఇరెనా కళ్ళు చెమర్చాయి. నోరు తెరిస్తే తిట్టే మొగుడి కోసం ఎన్ని పాట్లు! ఇలాంటి ఇల్లాలు అన్నయ్యకు ఎక్కువే అనుకుంది.

"దొరికిందా వదినా?"

"ఇవాళే దొరికింది. మీ అన్నయ్యతో అనకు."

"నేనెందుకంటాను? నువ్వు పండు మార్చేటప్పుడు అన్నయ్య చూపు మళ్ళిస్తాలే."

క్యాబేజీ పులుసు, చేప ముక్కలు అయ్యాయి. ఇరెనా పండులో నక్షత్రం పడింది. జోఫియా పండులోనూ అంతే. వెండెలిన్ వంతు వచ్చింది. మంచు మొదలైనట్టుందే అంటూ ఇరెనా కిటికీ చూపించింది. అతను తల తిప్పి చూసి, మళ్ళీ ఇటు తిరిగేసరికి జోఫియా రెండు చెక్కలూ అతని చేతిలో పెట్టింది.

అన్న అరచేతిలో సిలువను చూశాకే ఇరెనాకు తెలిసింది, వదిన ఇన్నాళ్ళూ కుండలో పడేసినవన్నీ నక్షత్రాలేనని.