కళాసీ అన్నందుకు

స్పీకరు పెట్టె వచ్చి సోమేశ్వరరావు కాలి మీద పడింది.

కాలి మీద పడింది గనక సరిపోయింది, నేల మీద పడుంటే పెట్టె పాడయ్యేదని అతను సంతోషించాడు. మైకుసెట్టు వాళ్ళ బుద్ధే అంత.

అది 1983. కాకినాడ పాటకచేరీ ట్రూపు సముద్రం దాటి కువైట్ రావడం అదే మొదలు. ఈ ఒక్క సాయంత్రం గట్టెక్కితే గల్ఫు దేశాలన్నీ పిలుస్తాయి. చెడిందా, మళ్ళీ పెళ్ళిపందిళ్ళే గతి.

"ఓ కళాసీని పంపండి బంగారయ్యగారూ, నడుములు పడిపోతున్నాయి" అన్నాడు.

ఓడరేవు ఊరివాళ్ళు కదా, బరువెత్తే ప్రతివాడూ వాళ్ళకి కళాసీయే. కచేరీ పెట్టించిన బంగారయ్యది కోనసీమ. అలాగేనండి అని, జనాన్ని తెచ్చే బస్సుల హడావిడిలో పడి వెళ్ళిపోయాడు.

కాసేపటికి హాలు గుమ్మంలో ఒకాయన కనిపించాడు. నెరిసిన మీసం, ఇస్త్రీ చొక్కా. లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

"వచ్చావా? ఆ చివర పట్టుకో. బేగా రావాలి" అన్నాడు సోమేశ్వరరావు.

ఆయన ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. పిలిచింది తననేనని తెలిశాక చొక్కా చేతులు పైకి మడిచాడు.

"బిన్నానే వస్తి లేప్పా."

ట్రూపంతా ఘొల్లున నవ్వింది. బేగా అన్నా బిన్నా అన్నా త్వరగా అనే. అయినా కడప మాట కాకినాడ చెవికి కితకితలు పెట్టింది. బాలసుబ్బయ్య అని ఆయన పేరు చెప్పుకున్నా ఎవరూ చెవిన పెట్టలేదు. ఆ పూటకి ఆయన పేరు బిన్నా.

బిన్నా పెట్టెలు మోశాడు. తీగలు లాగాడు. నిచ్చెన పట్టుకున్నాడు. మధ్యాహ్నం అందరితో కలిసి పులిహోర తిన్నాడు.

తినేటప్పుడు డోలక్ సత్యనారాయణ తుని కథ ఎత్తుకున్నాడు. అక్కడ పెళ్ళికొడుకు తండ్రి మైకు చేతికిస్తే వదల్లేదట. తెల్లారేదాకా చుట్టాల పేర్లు చదువుతూనే ఉన్నాడట. చివరికి జెనరేటరువాడికి కూడా వరస కలిపేశాడట.

బిన్నా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఇంత నవ్వి శానా దినాలైందన్నాడు. ఎందుకో సోమేశ్వరరావుకి ఆయన మీద ప్రేమ పుట్టింది. తన ఆవకాయ ముక్కలో సగం ఆయన ఆకులో వేశాడు.

సాయంత్రానికి హాలు నిండిపోయింది. కబ్ద్ తోటల్లో పనిచేసేవాళ్ళు, రిగ్గై ఇళ్ళల్లో వంటవాళ్ళు, మామాని, అదే ఇంటి యజమానురాలిని, బతిమాలుకుని సబా అల్ సలేం నుంచి వచ్చిన ఆడవాళ్ళు. గోడల వెంబడి కూడా నిలబడ్డారు.

స్విచ్చుల గది దగ్గర అరబ్బు కాపలాదారు కూర్చున్నాడు. అతనికి తెలుగు రాదు. అన్నీ అయ్యాక 'ఖలాస్' అంటారు, అంటే అయిపోయినట్టు, అప్పుడు మెయిన్ ఆపి తాళం వేసుకోమని బంగారయ్య అతనికి ముందే అరబ్బీలో చెప్పి ఉంచాడు.

మూడో పాట మంచి జోరు మీదుంది. ఇంతలో స్పీకరు స్టాండు గాయని సూర్యావతి నెత్తి మీదికి ఒరగడం సోమేశ్వరరావు చూశాడు. అతను అటుచివర ఉన్నాడు.

"కళాసీ! కళాసీ!" అని అరిచాడు.

కాపలాదారు విన్నాడు. పాపం, పనిమీద శ్రద్ధ గలవాడు. మెయిన్ లాగేసి, గదికి తాళం వేసి, టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

హాలంతా చీకటి.

స్టాండు మాత్రం పడలేదు. ఎవరో పట్టుకున్నారు.

కుర్చీలు కదిలాయి. ఖలాస్ అంట, పదండి, బస్సులు వెళ్ళిపోతాయని ఎవరో అన్నారు. కాళ్ళ చప్పుడు గుమ్మం వైపు సాగింది. సోమేశ్వరరావుకి ఏడుపొక్కటే తక్కువ. తన నోరే ట్రూపు కొంప ముంచింది.

అప్పుడు స్టాండు దగ్గర్నుంచి గొంతొకటి లేచింది.

"యాడికి పోతార్రా? కూచోండప్పా. కరెంటు పోతే పాట పోతాదా?"

కాళ్ళ చప్పుడు ఆగిపోయింది. వెయ్యిమంది చీకట్లో, ఒక్క మాట ఎదురు చెప్పకుండా, కూర్చున్నారు.

"నువ్వు పాడు తల్లీ" అంది ఆ గొంతు.

సూర్యావతి మైకు పక్కన పెట్టి పడవపాట ఎత్తుకుంది. సత్యనారాయణ తడుముకుంటూ డోలక్ అందుకున్నాడు. రెండో చరణానికల్లా హాలంతా హైలెస్సా అంది. తన మైకు లేకుండా పాట చివరి వరుస దాకా వెళ్ళడం సోమేశ్వరరావుకి కాస్త అవమానమే. అయినా అందరికంటే గట్టిగా హైలెస్సా అన్నది అతనే.

బంగారయ్య పరుగున పోయి కాపలాదారుని వెతికి తెచ్చాడు. దీపాలు వెలిగేసరికి జనం కుర్చీల మీదెక్కి ఈలలు వేస్తున్నారు. మరో రెండూళ్ళ వాళ్ళు అక్కడికక్కడే ట్రూపుని పిలిచేశారు.

ఆఖరి పాట అయ్యాక బంగారయ్య శాలువా, పూలదండ పట్టుకుని వేదిక ఎక్కాడు.

"ముందు మీరు పంపిన కళాసీకి కప్పండి బాబూ" అన్నాడు సోమేశ్వరరావు. "అతను లేకపోతే మా పరువు సముద్రంలో కలిసేది."

"కళాసీ ఎవరండీ? బస్సుల గొడవలో ఆ సంగతే మర్చిపోయానండి."

సోమేశ్వరరావు స్టాండు వైపు చూపించాడు. బంగారయ్య శాలువా, దండ పట్టుకుని అటే నడిచాడు. ఎదర హాలంతా లేచి నిలబడింది.

కన్నీళ్ళతో విమానం దిగిన ప్రతి తెలుగువాడికీ ఇన్నేళ్ళూ తన బండితో ఎదురొచ్చి, ఈ దేశంలో మొదటి తెలుగు మాట వినిపించిన డ్రైవరు బాలసుబ్బయ్య రేపు ఇంటికి వెళ్ళిపోతున్నాడని, ఆయనకి ఒక్క పూట పాటలు వినిపించడానికే ఆ వెయ్యిమందీ కలిసి ఈ ట్రూపుని సముద్రం దాటించారు.